యాసంగి వరి: 2022 ఏప్రిల్ నేర్పిన లెక్క

‘యాసంగిలో (రబీలో) వరి వద్దు, తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలు వేయండి’ అన్న ప్రచారం తెలంగాణలో మళ్ళీ మొదలైంది. వరంగల్, కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో నార్లు మాత్రం పోస్తూనే ఉన్నారు. కాకతీయుల చెరువులు, శ్రీరాంసాగర్, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు, కాళేశ్వరం: వరికి నీళ్ళు దొరికిన ఈ కథ తెలియనిది కాదు. రైతు ఎందుకు వినడం లేదో తెలియాలంటే 2021-22 యాసంగికి వెళ్ళాలి.

ఇకపై ఉప్పుడు బియ్యం (వడ్లను ఉడకబెట్టి ఆడించినవి) ఇవ్వబోమని 2021 అక్టోబర్‌లో రాష్ట్రం, కేంద్రం తరఫున బియ్యం సేకరించే ఎఫ్‌సీఐకి రాసిచ్చింది. చిక్కంతా ఎండలోనే ఉంది. మన యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో కోతకొస్తాయి. 40 డిగ్రీలు దాటిన ఎండకు గింజ లోపల పగులుతుంది. ఉడకబెట్టకుండా పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలు 25 శాతం హద్దు దాటిపోతాయి. క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం అప్పజెప్పాల్సిన మిల్లరు వెనకాడేది ఇక్కడే. ఉడకబెడితే ఆ పగుళ్ళు అతుక్కుంటాయి గానీ ఆ బియ్యం కేంద్రానికి అక్కర్లేదు. దాంతో యాసంగిలో కొనుగోలు కేంద్రాలే ఉండవని రాష్ట్రం చెప్పింది. విన్నవాళ్ళు పొలం పడావు (బీడు) పెట్టారు, లేదంటే వేరే పంటకు పోయారు. విననివాళ్ళు వరే వేశారు. 2022 ఏప్రిల్ 12న, వడ్లు కేంద్రమే కొనాలని రాష్ట్ర పాలకులు ఢిల్లీలో చేసిన ధర్నా మర్నాడే, వడ్లన్నీ కొంటామని రాష్ట్ర మంత్రివర్గం తేల్చింది. ఏ గ్రేడు మద్దతు ధర 1960 రూపాయలు. మాట విన్న రైతుకు దక్కిందేమీ లేదు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2020లో నియంత్రిత సాగు (ప్రభుత్వం చెప్పిన పంటలే వేయడం) పేరుతో వానాకాలం మక్క (మొక్కజొన్న) వద్దన్నారు. అక్టోబర్‌కల్లా అదే మక్కను 1850కి కొంటామన్నారు. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చారు. అదీ వరికే.

అధికారుల నీటి లెక్కలో తప్పులేదు. వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి, మక్కకు 500-600 చాలు. అయితే ఆ లెక్కలో భూమి లేదు. ఏళ్ళ తరబడి కేజ్‌వీల్స్‌తో (ట్రాక్టరు ఇనుప చక్రాలతో) దమ్ము చేసిన మడి అడుగున గట్టిపొర పడుతుంది. ఎండితే పెళ్ళలు లేస్తుంది, తడిస్తే నీళ్ళు దిగవు. అందులో పల్లి (వేరుశనగ) ఊడ దిగదు, కాయ పట్టదు. మక్క మోకాలెత్తు వచ్చేదాకా నిలువ నీటిని ఓర్వదు, ఆకులు పసుపెక్కి గిడసబారుతుంది. దున్నకుండా వరి కొయ్యకాళ్ళలోనే మక్క విత్తవచ్చు.   కానీ చుట్టుపక్కల అందరూ వరి వేస్తే మధ్యలో ఉన్న ఎకరానికి జాలు (ఊట నీరు) పడుతుంది. గట్టు వెంట రెండు మూడడుగుల లోతు కాలువ తీస్తేనే అది ఆగుతుంది. తీసిన నీటిని ఎటు పంపాలి? కింది మడి వేరేవాళ్ళది. అంటే పంట మార్పు ఒక్క రైతు చేతిలో లేదు, తూము కింది ఆయకట్టంతా కలిసి కదలాలి. కోతులు, అడవి పందుల సంగతి ఎటూ ఉంది: ఊరందరిలో ఒక్కరే మక్కో పల్లో వేస్తే మంద మొత్తం ఆ చేను మీదే పడుతుంది.

ఇక గడువు. పూతవేళ ఎండ 35 డిగ్రీలు మించితే మక్క పుప్పొడి ఎండి కంకిలో గింజ పట్టదు. కాబట్టి ఆలస్యం పనికిరాదు. 150 రోజుల సాంబ మసూరి కోసి పొలం ఆరేసరికే డిసెంబర్ వచ్చేస్తుంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువకు వారబందీ (వంతులవారీ) నీళ్ళు ఎన్ని తడులో తరచూ ఆ నెలలోనే ప్రకటిస్తారు. వారం విడిచి వారం వచ్చే నీళ్ళు నిజానికి ఆరుతడికే సరిపోతాయి. ఆ కబురు ఊరికి చేరేసరికి వరి నారు జానెడు ఎత్తు ఉంటుంది.