వెలిగొండ వాగుల్లో తూనీగల లెక్క

వెలిగొండల్లో తూనీగల సర్వేకి జూన్‌లో బయల్దేరితే చాలాచోట్ల పొడి ఇసుకే ఎదురవుతుంది. నెల్లూరు వైపు కొండలకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. కాబట్టి పెంచలకోన, భైరవకోన ప్రాంతాల్లో ముఖ్యమైన సర్వే నవంబరు–జనవరి మధ్య, వాన తెరిపిచ్చి ఎండ కాసిన రోజుల్లో పెట్టుకోవాలి. మే నెలలో మిగిలిన మడుగుల దగ్గర మరోసారి చూడాలి. అభయారణ్యంలోకి వెళ్లాలంటే ముందుగా అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

వాగు వెంట వంద మీటర్లు కొలిచి, ఉదయం తొమ్మిది దాటాక, దిగువ నుంచి ఎగువకు మెల్లగా నడవాలి. ముందున్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. మగ తూనీగ తన హద్దులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. వెనక్కి తిరిగి చూస్తే ఒక్కటే మూడుసార్లు లెక్కకెక్కుతుంది. ఆడవి గుడ్లు పెట్టడానికి తప్ప నీటి దగ్గరికి పెద్దగా రావు, అందుకే ఒడ్డుకు దూరంగా ఉన్న పొదలు కూడా వెతకాలి. రెక్కలు వీపుమీద ముడిచి, కళ్లు ఎడంగా ఉంటే సన్న తూనీగ. రెక్కలు చాచి కూర్చుంటే పెద్ద తూనీగ. రెక్కలు సగం తెరిచి కూర్చునే సన్న తూనీగలూ ఉన్నాయి, కాబట్టి కళ్లు చూశాకే రాసుకోండి. ఫొటో పైనుంచి ఒకటి చాలదు. పక్కనుంచి, తోక చివర స్పష్టంగా కనిపించేలా తీయాలి. దగ్గరి జాతుల మగవాటిని విడదీసేది చాలాసార్లు ఆ కొసే.

రాతి గోడలపై బూడిదరంగు మచ్చలతో అతుక్కుని కూర్చునే తూనీగ ఒకటుంది. అది లేచి ఎగిరేదాకా రాయి ఏదో పురుగు ఏదో తెలియదు. బండమీది దొనల్లో నిలిచిన వాననీటిలాంటి నిల్వ నీటిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు అక్కడే పెరుగుతాయి. దాన్ని వాగు లెక్కలో కలపకూడదు.

ఎగురుతూ కనిపించినంత మాత్రాన ఆ వాగుదే అనలేం. వానల తర్వాత గుంపులుగా తిరిగే పసుపు తూనీగలు సముద్రం దాటి వలసపోయే రకం. ఇక్కడే పుట్టిందనడానికి గట్టి సాక్ష్యం కుబుసం, అంటే నీటిలో పెరిగిన పిల్లపురుగు బయటికొచ్చి తూనీగగా మారేటప్పుడు విడిచే పొట్టు. గడ్డి పరకకో రాతికో పట్టుకుని ఉంటుంది. వీపు చీలికలోంచి తెల్లటి దారాలు వేలాడుతుంటాయి, అవి ఊపిరి గొట్టాల లోపలి పొరలు. గట్టి వాన పడితే కొట్టుకుపోతుంది కాబట్టి ముందే ఏరి, పొడి డబ్బాలో దూదిమీద పెట్టి, చోటూ తేదీ పెన్సిల్‌తో రాయాలి. సిరా తడికి చెదిరిపోతుంది. కొత్తగా బయటికొచ్చి రెక్కలు మెత్తగా మెరుస్తున్న తూనీగను మాత్రం ముట్టుకోవద్దు. అప్పుడు వంగిన రెక్క మళ్లీ సాపు కాదు.