మ్యాచ్ ఎవరిది? 1984 తీర్పు నుంచి నేటి సీటు గొడవ దాకా

అమెరికాలో చదువుకున్నవాళ్లకు కాలేజీ వదిలిపెట్టినా కాలేజీ మెయిల్స్ వదిలిపెట్టవు. ఫుట్‌బాల్ సీజన్‌కు కొన్ని నెలల ముందు వచ్చే మెయిల్ అన్నిట్లోకీ ఖరీదైనది. మీ సీటు మీకే ఉండాలంటే టిక్కెట్టు ధర కాక ఇంత విరాళం కట్టండి అంటుంది. ఈ మధ్య ఆ మెయిల్స్‌లో చెప్పే కారణం కొత్తది: ఆటగాళ్లకు డబ్బులివ్వాలి. టెన్నెసీ యూనివర్సిటీ అయితే మొహమాటం కూడా పెట్టుకోలేదు. 2025 సీజన్ టిక్కెట్ల మీద 10 శాతం ‘టాలెంట్ ఫీజు’ వేస్తున్నామని 2024 సెప్టెంబరులోనే చెప్పేసింది. దాంతో పాత గొడవ మళ్లీ రేగింది. ముప్ఫై ఏళ్లుగా అదే వరసలో కూర్చుని, పక్క సీటువాళ్ల పిల్లల పెళ్లిళ్లకు కూడా వెళ్లొచ్చిన పాత బ్యాచ్‌లవాళ్లు, కుర్రాళ్లు డబ్బు అడగబట్టే తమ సీట్లకు ఎసరొచ్చిందని మండిపడుతున్నారు.

వాళ్ల కోపం న్యాయమే. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు. ఈ కథలో ఆటగాళ్లు చివర్లో వచ్చారు. మలుపు 1984 జూన్ 27న, వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టులో తిరిగింది.

హెల్మెట్లు పెట్టుకుని ఆడే ఈ ఫుట్‌బాల్ ఎలా పుట్టిందో, 1869లో మొదటి మ్యాచ్ ఎవరాడారో చెప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. చదువు అయిపోయినవాళ్లు కలుసుకోవడానికి మ్యాచ్ ఎందుకనేది మాత్రం మనకు కాస్త వింతగా ఉంటుంది. మన దగ్గర పదో తరగతి బ్యాచ్ సంక్రాంతి సెలవుల్లో బడి ఆవరణలో కలుస్తుంది. గురువులకు శాలువాలు, గ్రూపు ఫొటో, భోజనాలు. జిల్లా పేజీలో ‘పూర్వ విద్యార్థుల అపూర్వ సమ్మేళనం’ అని వార్త. పండక్కి ఎలాగూ ఊరొస్తారు కాబట్టి కలుస్తారు. అమెరికాలో అలా ఊరికి లాగే పండగ స్థానంలో ఆకురాలే కాలపు శనివారం ఉంది. బ్యాచ్ డిన్నర్, పాత బ్యాండువాళ్ల వాయింపు, పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి పొయ్యి వెలిగించే టెయిల్‌గేట్, అన్నీ మ్యాచ్ చుట్టూ అల్లుకుని ఉంటాయి. మ్యాచ్ ఎప్పుడో, ఎవరితోనో, ఎన్ని గంటలకో తెలియకపోతే సమ్మేళనమూ లేదు.

ఆ మూడూ ఒకప్పుడు కాలేజీల చేతిలోనే ఉండేవి. దేశంలో టీవీకి ఎన్ని కాలేజీ మ్యాచ్‌లు ఇవ్వాలో 1950ల మొదటి నుంచీ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. కాలేజీ ఆటలన్నిటికీ పెద్ద సంఘం అది. ఇంట్లో కూర్చుని చూసే వీలుంటే జనం స్టేడియానికి రారన్నది దాని భయం. 1982లో మొదలైన ఒప్పందం ప్రకారం ఏ జట్టైనా రెండేళ్లలో మొత్తం ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదు. దేశమంతటా ప్రసారమైతే నాలుగుసార్లే.

పెద్ద జట్లకు ఇది మింగుడుపడలేదు. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. ఆ కేసులో ఒక ఉదాహరణ బాగా పేలింది. 1981లో ఒక వారాంతం ఓక్లహోమా, సదరన్ కాలిఫోర్నియా జట్లు తలపడితే 200కు పైగా స్టేషన్లు చూపించాయి. అదే వారాంతం సిటడెల్, అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్ల మ్యాచ్‌ను నాలుగంటే నాలుగు స్టేషన్లు చూపించాయి. నాలుగు జట్లకూ ముట్టిన డబ్బు మాత్రం సమానం. ఇదేం అన్యాయం అని పెద్ద జట్లు అడిగాయి. పోటీని అణిచే చట్టవిరుద్ధ కట్టడి ఇది అని సుప్రీంకోర్టు 7-2తో తేల్చింది. తీర్పు రాసింది జస్టిస్ స్టీవెన్స్.

ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. కొలరాడో యూనివర్సిటీకి ఆడి, ఆ తర్వాత ప్రొఫెషనల్‌గానూ ఆడిన మనిషి. కాలేజీ ఆటను ఉత్త వ్యాపారంగా లెక్కగట్టడమే తప్పని ఆయన రాశారు. మైదానంలో దిగి దెబ్బలు తిన్న మనిషి రాసింది అనుకుంటే ఆ మాటకు బరువు పెరుగుతుంది. ఎన్‌సీఏఏ సాధువేమీ కాదు, ఆ కట్టడిలో దాని పెత్తనమూ ఉంది. అయినా సరే, స్టేడియంలో కూర్చునే మనిషికి ఆ చెత్త రూలే ఆఖరి కాపలా.

ఆ మనిషి విలువేమిటో తెలియాలంటే 1911కి వెళ్లాలి. మిస్సోరీ, కాన్సస్ యూనివర్సిటీలు 1891 నుంచి ఆడుకుంటున్నాయి. బానిసత్వం తగాదాలో ఈ రెండు రాష్ట్రాల సరిహద్దులో పారిన నెత్తురు జ్ఞాపకంతోనే ఆ పోటీకి ‘బోర్డర్ వార్’ అనే పేరు. మొదట్లో కాన్సస్ సిటీ నగరంలో ఆడేవారు. మ్యాచ్‌లు క్యాంపస్‌లోనే జరగాలని 1911లో కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల కూటమి, రూలు పెట్టడంతో మిస్సోరీ వంతుకు మ్యాచ్ ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబియా వచ్చింది. అది చిన్న ఊరు. అంత దూరం జనం వస్తారా అని టెన్షన్. అప్పుడు అథ్లెటిక్ డైరెక్టర్ చెస్టర్ బ్రూవర్ పాత విద్యార్థులందరికీ కబురు పెట్టాడు: ఇంటికి రండి. 9 వేల మందికి పైగా వచ్చారు. మ్యాచ్ 3-3తో ఎటూ తేలలేదు. వచ్చినవాళ్లకు అదేమీ పట్టలేదు. ‘హోమ్‌కమింగ్’ అనే పండగ అలా మొదలైందని మిస్సోరీ చెప్పుకుంటుంది. బేలర్ మాది 1909 అంటుంది, ఇలినాయ్ మాది 1910 అంటుంది. ఆ పంచాయితీ వాళ్లే తేల్చుకుంటారు. మనకు కావాల్సింది ఒకటే: ఆనాడు గేటు దగ్గర టిక్కెట్టు కొనేవాడే కాలేజీకి దిక్కు. అందుకే పిలుపు వెళ్లింది.

1984 తర్వాత ఆ దిక్కు మారింది. వెంటనే కాదు. మొదటి ఏడాది మ్యాచ్‌లు ఒక్కసారిగా టీవీల మీద పడటంతో ధర పడిపోయి, గెలిచిన కాలేజీలే నాలిక కరుచుకున్నాయి. తర్వాత కిటుకు తెలిసింది. 1991 నుంచి నోటర్ డామ్ యూనివర్సిటీ ఒక్కటే ఎన్‌బీసీ టీవీతో సొంత బేరం నడుపుకుంది. మిగతావి కాన్ఫరెన్స్‌గా కట్టకట్టుకుని బేరమాడాయి. ఎన్ని రాష్ట్రాలుంటే అన్ని టీవీ ఇళ్లు, ఎన్ని ఇళ్లుంటే అంత డబ్బు. దాంతో పక్క ఊరి పాత శత్రువు కన్నా వెయ్యి మైళ్ల అవతలి కొత్త చుట్టం ముద్దొచ్చాడు. టెక్సస్ జట్ల పాత కూటమి సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1996లో మూతపడింది. కేసు గెలిచిన ఓక్లహోమా సంగతే చూడండి. నెబ్రాస్కాతో ఏటేటా జరిగే మ్యాచ్ 1997తో ఆగింది. సొంత రాష్ట్రంలోని ఓక్లహోమా స్టేట్‌తో ఆడే ‘బెడ్లమ్’ 2023తో ఆగింది. మరుసటి ఏడాదే ఓక్లహోమా ఆగ్నేయ రాష్ట్రాల ఎస్ఈసీ కాన్ఫరెన్స్‌లో చేరిపోయింది.

మిస్సోరీ కథ ఇంకా చేదు. ఈఎస్‌పీఎన్ 2011లో టెక్సస్ యూనివర్సిటీ కోసమే ‘లాంగ్‌హార్న్ నెట్‌వర్క్’ అనే చానల్ పెట్టింది. ఇరవై ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం. ఒకే కాన్ఫరెన్స్‌లో ఉంటూ ఒకరికే సొంత చానలా అని అదే రాష్ట్రంలోని మరో యూనివర్సిటీ టెక్సస్ ఏ అండ్ ఎం అలిగింది. 2012లో ఎస్ఈసీకి వెళ్లిపోయింది. వెంటే అదే కాన్ఫరెన్స్‌లోని మిస్సోరీ కూడా. 1894 నాటి టెక్సస్, ఏ అండ్ ఎం పోటీ ఆ తర్వాత 2024 దాకా జరగలేదు. మమ్మల్ని వదిలిపోయినవాళ్లతో ఆడం పొమ్మంది పాత కాన్ఫరెన్స్‌లోనే మిగిలిన కాన్సస్. పాత విద్యార్థుల పండగకు పురుడు పోసిన మ్యాచ్, సరిగ్గా నూరేళ్లకు, 2011 నవంబరులో ఆగిపోయింది. ఆ మధ్యలో చదివిన బ్యాచ్‌లవాళ్లు నాలుగేళ్లూ కొలంబియాలోనే ఉండి ఒక్క కాన్సస్ మ్యాచ్ కూడా చూడకుండా పట్టా పుచ్చుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఆడింది 2025 సెప్టెంబరు 6న. మిస్సోరీ 42-31తో గెలిచింది. అదీ హోమ్‌కమింగ్ రోజున కాదు, సీజన్ మొదట్లో.

ఇక టైమ్ సంగతి. చాలా మ్యాచ్‌లకు ఆట ఎన్ని గంటలకో పన్నెండు రోజుల ముందు చెబుతారు, కొన్నిసార్లు ఆరు రోజుల ముందే. చెప్పేది టీవీ. పొద్దున పదకొండుకా, మధ్యాహ్నమా, రాత్రికా తెలియకుండానే విమానం టిక్కెట్టు కొనాలి. రెండు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వమనే హోటల్లో డబ్బు కట్టాలి. శనివారం రాత్రి బ్యాచ్ డిన్నర్‌కు హాలు మాట్లాడుకున్నాక మ్యాచ్ రాత్రికి మారితే అడ్వాన్సు గోవిందా. టెక్సస్‌లో ఎంఎస్ చేసి అక్కడే స్థిరపడ్డ మనవాళ్లకు ఇంకో చిక్కు: బతుకమ్మ కూడా సాధారణంగా ఆ శనివారాల్లోనే పెడతారు.

అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్ల వాదన కూడా ఉంది. ఈత జట్టు, జిమ్నాస్టిక్స్, ఆడపిల్లల జట్లు చాలావరకు ఫుట్‌బాల్ సొమ్ముతోనే బతుకుతున్నాయని, దూరాన ఉన్న పాత విద్యార్థి మ్యాచ్ చూడగలిగేది టీవీ వల్లేనని అంటారు. నిజమే. హైదరాబాద్ తిరిగొచ్చేసినవాడు కూడా శనివారం నిద్ర మానుకుని చూడొచ్చు. కానీ చూడటం, కలవడం ఒకటి కావు.

టీవీ డబ్బు వచ్చాక కాలేజీలు అలుమ్ని జేబు వదిలేశాయా అంటే, అదీ లేదు. చిత్రంగా అదీ 1984తోనే ముడిపడింది. మంచి సీటు కోసం కట్టేది విరాళం కాదు, కొనుగోలు అని ఆ ఏడాది ఆదాయపన్ను శాఖ అంది. పెద్ద గోల. 1986 పన్ను చట్టంలో పేర్లు రాయకుండానే, టెక్సస్‌కూ లూసియానా స్టేట్‌కూ మాత్రమే సరిపోయే మినహాయింపు ఒకటి దూరింది. మిగతావాళ్లు ఊరుకుంటారా? సీటు హక్కు కోసం కట్టిన దాంట్లో 80 శాతం ఎవరైనా విరాళంగా చూపుకోవచ్చని 1988లో అందరికీ వర్తింపజేశారు. సీటుకు ముందు విరాళం అనే పద్ధతి దీని నీడలోనే దేశమంతా పాతుకుపోయింది. 2017 పన్ను చట్టం ఆ రాయితీ తీసేసింది. రాయితీ పోయింది, విరాళం పోలేదు.

ఇన్ని కోట్లు తిరుగుతున్నా 2021 దాకా ఆటగాళ్లకు దక్కింది స్కాలర్‌షిప్పు మాత్రమే. ఆ ఏడాది సుప్రీంకోర్టు ఆల్స్‌టన్ కేసులో, ఆటగాళ్లకు చదువు కోసం ఇచ్చే సాయానికి హద్దులు పెట్టినందుకు 9-0తో ఎన్‌సీఏఏను తప్పుపట్టింది. ఆ వెంటనే తమ పేరు, ఫొటో అమ్ముకునే వీలు ఆటగాళ్లకు వచ్చింది. ఆటగాళ్లు వేసిన ‘హౌస్’ కేసులో 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన రాజీతో కాలేజీలు నేరుగా చెల్లించడం మొదలైంది. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. మొత్తం ఆటగాళ్లందరికీ కలిపి. ఏ అండ్ ఎం 2023 నవంబరులో కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు ఒప్పందం ప్రకారం ఆ ఒక్కడికి బాకీ పడింది 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైనే. అప్పుడు ఏ సీటు బిల్లులోనూ ‘కోచ్ ఫీజు’ అని కనపడలేదు.

2026 నుంచి ఎస్ఈసీ తన జట్లకు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచింది. బయటి జట్లతో ఆడే ఖాళీ ఒకటి తగ్గింది. మిస్సోరీ, కాన్సస్ కుదుర్చుకున్న ఒప్పందంలో 2026 మ్యాచ్ కాన్సస్ వంతు. ఆ తర్వాతది 2031లో, కొలంబియాలో. ఎన్ని గంటలకో చెప్పేది మళ్లీ టీవీయే.