ఈ-రీడర్ కొనే ముందు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో మా షాపుకి ఈ-రీడర్ (డిజిటల్ పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం) కోసం వచ్చేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీది మంచిదని. మీరు చదివే ఫైల్ ఫోన్‌లో ఉంటే చూపించండి అంటాను నేను. ఏది కొనాలో దాన్నిబట్టే తేలుతుంది.

అపోహ: ఆరంగుళాలది చాలు, పీడీఎఫ్ ఎలాగూ ఓపెన్ అవుతుంది.

ఓపెన్ అవుతుంది గానీ చదవలేరు. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లల దగ్గర ఎక్కువగా ఉండేవి స్కాన్ పీడీఎఫ్‌లు, అంటే పేజీకి తీసిన ఫొటోలు. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, ఆరంగుళాల తెర వెడల్పు సుమారు 9. అక్షరం సగం కన్నా చిన్నదవుతుంది. ఫొటో కాబట్టి ఫాంట్ సైజు పెంచలేం. జూమ్ చేస్తే ప్రతి లైనుకీ పేజీని అటూ ఇటూ జరుపుకోవాలి. వీళ్లకు పదంగుళాల పైనదే సరి. అంత పెట్టలేమంటే మామూలు ట్యాబ్ తీసుకోమంటాను. ఆరంగుళాలది అంటగట్టడం అన్యాయం.

ఈపబ్‌లో, అంటే అక్షరాల సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకం ఫైల్‌లో, కథలు, నవలలు చదివేవాళ్లకి మాత్రం ఆరేడు అంగుళాలు హాయి. అక్షరాలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి, హైదరాబాద్ బస్సులో ఒక చేత్తో పట్టుకోవచ్చు.

అపోహ: ఇంగ్లిష్ బాగా కనిపిస్తే తెలుగు కూడా అంతే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన ఒత్తులు అక్షరం కింద కుదురుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కి అది చేతకాకపోతే 'స్త్రీ' కాస్తా ముక్కలు ముక్కలై పొల్లులతో కనిపిస్తుంది. ఫాంటే లేకపోతే ఉత్త డబ్బాలు. 2016లో అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. ఇన్ని కోట్లమంది మాట్లాడే భాషకి ఇలా జరగడం నాకు బాధే. అందుకే తెలుగే ఎక్కువ చదివేవాళ్లు ఆండ్రాయిడ్ ఈ-రీడర్ చూడండి, ఫోన్‌లో పుస్తకాలు చదివే యాప్‌లు చాలావరకు అందులోనూ పడతాయి. ఏది కొన్నా మీ పుస్తకాన్నే ఎక్కించి, 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి మాటలు చూశాకే డబ్బులివ్వండి.

అపోహ: ఇదీ ఫోన్ స్క్రీన్ లాంటిదే.

కాదు. ఈ-ఇంక్ తెర వెనక లైటు ఉండదు. నల్ల, తెల్ల రేణువులు కరెంటుకి కదిలి అక్షరాలవుతాయి, బయటి వెలుతురులోనే కనిపిస్తాయి. ఏప్రిల్ ఎండలో దేవరకొండ బస్టాండులో కూర్చున్నా అక్షరం స్పష్టంగా ఉంటుంది. కరెంటు ప్రధానంగా పేజీ మారేటప్పుడే ఖర్చవుతుంది కాబట్టి ఛార్జింగ్ వారాల తరబడి వస్తుంది. రాత్రిపూట చదవాలంటే ముందువైపు లైటు ఉన్నది అడగండి.

స్టోరేజ్ గురించి టెన్షన్ వద్దు, నవలలకు 16 జీబీ ధారాళం. ఇక కలర్ మోడల్: కలీడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెర మీద నలుపు తెలుపు అంగుళానికి 300 చుక్కలైతే, రంగులు 150 చుక్కలే. పిల్లల బొమ్మల పుస్తకాలకైతే తీసుకోండి, నవలలకు అనవసరం.