జీవో 117 పోయింది, మరి వెళ్లిపోయిన పిల్లలు?

చుట్టుపక్కల పిల్లలను ఒకచోట చేర్చే మోడల్ ప్రైమరీ స్కూళ్ల పేరుతో ఊరి బడిని దూరం చేస్తున్నారన్న గొడవ ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ రాజుకుంది. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే 2022 జూన్, జులై నెలల్లో ఏం జరిగిందో చూడాలి.

ఆ జూన్ 10న టీచర్ల హేతుబద్ధీకరణ, అంటే పిల్లల సంఖ్యను బట్టి బడుల మధ్య టీచర్లను సర్దడం కోసం జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను అక్కడికి తరలించారు. 2021లో 250 మీటర్లతో మొదలుపెట్టిన పనే అది. తరలించిన చోట ఊరి బడిలో మిగిలినవి ఒకటి, రెండు తరగతులే. మూడో తరగతి నుంచే సబ్జెక్ట్ టీచర్లు ఉంటే చదువు బాగుపడుతుందని ప్రభుత్వం చెప్పింది. ఒక్క టీచర్ ఐదు తరగతులకు చెప్పలేరన్నది నిజమే.

ఇంట్లో లెక్క వేరు. పొద్దున్నే కూలికి పోయే తల్లి, బడి ఊళ్లోనే ఉంటే పిల్లను నానమ్మకు అప్పజెప్పి వెళ్లిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల మెయిన్ రోడ్డు దాటి వెళ్లాలంటే ఎవరో ఒకరు పని మానుకుని దింపాలి, సాయంత్రం మళ్లీ తీసుకురావాలి. తమ్ముడు రెండో తరగతిలో ఉంటే వాడిది ఇంకో బడి. జులై 5న బడులు తెరిచాక చాలా ఊళ్లలో తల్లిదండ్రులు గేట్లకు తాళాలు వేసింది ఈ టెన్షన్‌తోనే.

అసలు మలుపు ఆ మధ్యలో ఉంది. జూన్ 27న తల్లుల ఖాతాల్లో, పిల్లలను బడికి పంపినందుకు ప్రభుత్వం ఇచ్చే అమ్మఒడి డబ్బు, 13,000 రూపాయలు పడింది. పిల్లలు ప్రైవేటు బడిలో చదివినా ఆ డబ్బు వచ్చేది. ఎలాగూ ఊరు దాటి పంపాలన్నప్పుడు, ఇంటి ముందుకే వచ్చే ప్రైవేటు బస్సు ఎక్కించడమే నయమని కుటుంబాలు అనుకోవడంలో వింతేమీ లేదు. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే ఇంకొందరు వెళ్తారు. నా దృష్టిలో చిన్న బడులను దెబ్బతీసింది ఈ వరసే.

మిగిలిన టీచరుకైనా టైమ్ దక్కిందా అంటే, అదీ లేదు. మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం వివరాలు యాప్‌లో పెట్టాల్సి వచ్చేది. ఆ ఆగస్టులో ముఖం చూపించి వేసే హాజరు కూడా వచ్చింది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 800 గంటల బోధన జరగాలి. ఒక్కరే ఉన్న బడిలో ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి?

ప్రభుత్వం మారాక, 2025 మేలో జీవో 117 స్థానంలో 19, 20, 21 జీవోలు వచ్చాయి. మోడల్ ప్రైమరీ స్కూలులో తరగతికొక టీచర్ ఉంటారన్నది మంచి మాట. టీచర్ల సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నదీ అదే. పిల్లలు తక్కువున్న ఊళ్లలో మాత్రం పాత కష్టం పోలేదు. 3, 4, 5 తరగతులను పక్క ఊరి మోడల్ స్కూలుకు పంపాలి, లేదంటే ఒక్క టీచరుతో సరిపెట్టుకోవాలి. ఆ టీచర్ సెలవు పెడితే ఇంకో బడి నుంచి ఎవరినో సర్దాలి.

టీచర్ల నియామకానికి జరిపిన మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టుల్లో ఎస్జీటీలవి, అంటే ప్రాథమిక బడుల టీచర్లవి, ఆరు వేలకు పైనే. ఆ కొత్త టీచర్లలో ఎందరిని ఏకోపాధ్యాయ బడుల్లో రెండో టీచరుగా వేశారో మండలాలవారీగా ప్రభుత్వం బయటపెట్టాలి. విలీనానికి తల్లిదండ్రుల కమిటీల చేత సంతకాలు పెట్టించే ముందే ఆ జాబితా వాళ్ల చేతికి అందాలి.