పైన డ్యాన్స్ గేమ్, కింద దబదబలు: అపోహలు - వాస్తవాలు

భవనాల్లో శబ్ద నియంత్రణ నా వృత్తి. ఇటు హైదరాబాద్ నుంచి, అటు డాలస్, న్యూజెర్సీల్లో ఉంటున్న మనవాళ్ల నుంచి ఒకే రకం ప్రశ్న తరచుగా వస్తుంటుంది: పిల్లలు టీవీ ముందు డ్యాన్స్ గేమ్ ఆడుతుంటే కింది ఇంటివాళ్లు ఊరుకోవడం లేదు, ఏం చేయాలి? కింది ఫ్లాట్ వాళ్లు ఇదే ప్రశ్నను తిప్పి అడుగుతారు. ఇద్దరి బాధా నిజమే. ఒకరికి అది పిల్లలు ఒళ్లు వంచి కదిలే ఒకే ఒక్క గంట. ఇంకొకరికి నెత్తిమీద ఆగకుండా పడే దెబ్బలు. స్లాబ్ ఏం ఆపుతుంది, ఏం ఆపదు అన్నది తెలియక చాలామంది పనికిరాని చోట డబ్బు పెడుతున్నారు. ఏదైనా కొనే ముందు ఇది చదవండి.

అపోహ: సౌండ్ తగ్గిస్తే, లేదా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గొడవ ఉండదు.

వాస్తవం: పై ఇంటి నుంచి కిందికి వచ్చే శబ్దం రెండు దారుల్లో వస్తుంది. పాట, మాటలు గాలిలో పుట్టి స్లాబ్‌ను తాకి, చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అడుగు దెబ్బ గాలిలో పుట్టదు. అది నేరుగా స్లాబ్‌కే తగులుతుంది, స్లాబ్ కంపిస్తుంది, ఆ కంపనం కింది గదిలో శబ్దంగా బయటపడుతుంది. కింది వాళ్లు కంప్లయింట్ చేసేది ఎక్కువగా ఈ రెండోదాని గురించే. పాట వాల్యూమ్ సున్నా చేసినా పాదం దెబ్బ ఇసుమంతైనా తగ్గదు. పైగా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లకు తమ అడుగుల చప్పుడు తమకే వినపడదు కాబట్టి ఇంకా గట్టిగా తొక్కుతారు.

ఒక్క మినహాయింపు సబ్‌వూఫర్. దాన్ని నేల మీద పెడితే బేస్ కూడా స్లాబ్‌లోకి దిగుతుంది. గేమ్ ఆడేటప్పుడు దాన్ని ఆపేయండి, టీవీ స్పీకర్లు చాలు.

అపోహ: మనది కాంక్రీట్ బిల్డింగ్. అమెరికా చెక్క ఇళ్లలా చప్పుడు దిగదు.

వాస్తవం: సగం నిజం. మన దగ్గర 150 మిల్లీమీటర్ల స్లాబ్ చదరపు మీటరుకు సుమారు 360 కిలోల బరువుంటుంది. అంత బరువును ఒక పిల్లవాడి గెంతు పెద్దగా కదిలించలేదు. అమెరికాలో చాలా అపార్ట్‌మెంట్లలో చెక్క దూలాల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ లాంటి పలక, కింద జిప్సమ్ బోర్డు సీలింగ్, అంతే. అక్కడ గెంతితే కింది వాళ్ల సీలింగ్ మొత్తం డప్పు చర్మంలా కంపిస్తుంది. అందుకే లోతైన 'ధబ్' అనే మోత డాలస్‌లో ఎక్కువ, కూకట్‌పల్లిలో తక్కువ.

అయితే కాంక్రీట్‌కు దాని తంటా దానికుంది. మీద విట్రిఫైడ్ టైల్స్ ఉంటాయి, వాటి కింద మెత్తటి పొర ఏదీ ఉండదు. మడమ తగిలిన 'టక్', కాళ్లతో నొక్కే డ్యాన్స్ ప్యాడ్ జారిన చప్పుడు, కుర్చీ లాగిన మోత స్లాబ్, బీమ్‌లు, పిల్లర్ల గుండా చాలా దూరం పోతాయి. పక్క ఫ్లాట్‌లోనో, రెండంతస్తుల పైనో పుట్టిన చప్పుడు కూడా సరిగ్గా మన నెత్తి మీదే అన్నట్టు వినిపిస్తుంది. పై ఇంటివాళ్లతో గొడవకు దిగే ముందు ఆ టైమ్‌లో నిజంగా వాళ్లే ఆడుతున్నారో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది. ఊళ్లో లేనివాళ్ల మీద అసోసియేషన్‌కు ఫిర్యాదులు వెళ్లిన సందర్భాలు నాకు తెలుసు.

తాళం విషయం కూడా చెప్పాలి. నిమిషానికి 150 బీట్ల పాటకు అడుగులు సెకనుకు రెండున్నర చొప్పున, ఒకే లయలో పడతాయి. ఇంట్లో అటూ ఇటూ నడిచే అడుగులకు ఇలాంటి లయ ఉండదు. ఏ వస్తువైనా కదిలించి వదిలితే సెకనుకు ఇన్నిసార్లు అని తనంతట తాను ఊగుతుంది, అదే దాని సహజ కంపనం. ఫ్లోర్ సహజ కంపనానికి ఈ లయ గానీ, దాని గుణిజాలు గానీ దగ్గరగా వస్తే ఊపు పెరుగుతూ పోతుంది. 2011 జులై 5న సియోల్‌లో 39 అంతస్తుల టెక్నోమార్ట్ భవనం పై అంతస్తులు సుమారు 10 నిమిషాలు ఊగాయి. జనం బయటికి పరుగెత్తారు. 12వ అంతస్తు జిమ్‌లో సుమారు 17 మంది కలిసి చేసిన టే బో వ్యాయామమే దానికి కారణమని తర్వాత పరీక్షలు చేసిన నిపుణులు చెప్పారు. ఇద్దరు పిల్లలు ఆడితే మీ బిల్డింగ్‌కు ఏమీ కాదు, ఆ భయం వద్దు. కానీ లయబద్ధమైన గెంతును మామూలు నడకతో సమానంగా చూడకండి.

అపోహ: మందపాటి యోగా మ్యాట్ వేస్తే చాలు.

వాస్తవం: ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మెత్త ఏదైనా స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. బరువు పెట్టినప్పుడు అది ఎంత కుంగుతుందో దాన్నిబట్టి దాని సహజ కంపనం తేలుతుంది. లెక్క తేలికే: కుంగిన మిల్లీమీటర్ల వర్గమూలంతో 15.8ని భాగించాలి. 1 మిల్లీమీటరు కుంగితే సుమారు 16 హెర్ట్జ్, అంటే సెకనుకు 16 కంపనాలు; 4 కుంగితే 8 హెర్ట్జ్. ఈ అంకెకు దాదాపు 1.4 రెట్ల పైన ఉన్న కంపనాలను మాత్రమే మెత్త తగ్గిస్తుంది. దానికి దగ్గర్లో ఉన్నవాటిని తగ్గించకపోగా పెంచుతుంది కూడా.

కింది వాళ్లకు వినిపించే గెంతు మోత ఎక్కువగా 20 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. గట్టి రబ్బర్ షీట్‌ను పెద్ద ప్లైవుడ్ కింద పూర్తిగా పరిచారనుకోండి. బరువు అంతటా సర్దుకుని రబ్బర్ 0.2 మిల్లీమీటర్లే కుంగుతుంది. లెక్కకడితే 35 హెర్ట్జ్. అంటే 50 లోపు మోతకు దానివల్ల ఉపయోగం లేదు. యోగా మ్యాట్‌ది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మడమ కింద అది పూర్తిగా అణిగిపోతుంది. అణిగిపోయాక ఇక స్ప్రింగ్ లేదు, పాదం కింద నేలే. టైల్ మీద 'టక్' మాత్రం పోతుంది. ఆ మేరకు మ్యాట్ మంచిదే. 'ధబ్' అలాగే ఉంటుంది.

పనిచేసేది ఒక బరువైన పలక, దాని కింద సరైన లెక్కలో కుంగే మెత్త. 8 అడుగులు, 4 అడుగుల 18 ఎంఎం ప్లైవుడ్ షీట్ ఒకటి తీసుకుని సగానికి కోయించండి. నాలుగడుగుల చదరాలు రెండు వస్తాయి. వాటిని ఒకదాని మీద ఒకటి ఫెవికాల్, స్క్రూలతో బిగిస్తే 30 నుంచి 40 కిలోల మధ్య గట్టి పలక తయారవుతుంది. వడ్రంగికి గంట పని. కింద పెట్టడానికి పరుపుల షాపుల్లో దొరికే రీబాండెడ్ ఫోమ్, 50 మిల్లీమీటర్ల మందం, గట్టి రకం తీసుకోండి. దాన్ని 4 అంగుళాల ముక్కలుగా కోసి, 16 ముక్కలతో మొదలుపెట్టండి. అంచుల వెంబడి కాస్త దగ్గరగా పెడితే పలక పక్కకు ఒరగదు. ఆడే మనిషి మధ్యలో నిల్చున్నాక పలక ఎత్తు ఎంత తగ్గిందో స్కేల్‌తో కొలవండి. ఖాళీ ఫోమ్ మందంతో పోలిస్తే 5 మిల్లీమీటర్ల దాకా తగ్గితే బాగుంది. 2 దాటకపోతే ముక్కలు తగ్గించండి. 10 దాటితే ఇంకొన్ని పెట్టండి. కదలికలో ఫోమ్ కొంచెం బిగుసుకుంటుంది కాబట్టి నిజంగా వచ్చేది లెక్కకట్టిన 7 హెర్ట్జ్ కాదు, 10 దగ్గర ఏదో ఒకటి. అయినా 20 పైన ఉన్న మోతకు అది ఉపయోగపడుతుంది.

పలక గోడకు గానీ టీవీ యూనిట్‌కు గానీ తగలకూడదు. తగిలితే కంపనానికి మీరే దారి ఇచ్చినట్టు. ఒకేసారి ఒక్కరే ఎక్కాలి. మన ఇళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, సీలింగ్ ఫ్యాన్. మూడంగుళాలు పైకి లేచిన పలక మీద పెద్ద పిల్లలు చేతులెత్తి గెంతుతారు. ఫ్యాన్ కింద ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి.

డ్రమ్స్ వాయించేవాళ్లు రెండు పలకల మధ్య టెన్నిస్ బంతులు పెట్టి వేదిక చేసుకుంటారు. కదలకుండా కూర్చుని పెడల్ నొక్కే మనిషికి అది సరిపోతుంది. ఆ బంతుల మీద గెంతడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. పక్కకు ఊగి పడిపోతారు.

ఇంత చేసినా చెక్క ఫ్లోర్ అపార్ట్‌మెంట్‌లో గెంతు మోత పూర్తిగా పోదు, తగ్గుతుందంతే. అక్కడ గెంతులు ఎక్కువున్న పాటలు ఆడాలంటే గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లో, కమ్యూనిటీ హాలో చూసుకోవాలన్నది నా అభిప్రాయం.

అపోహ: గోడలకు ఫోమ్, గుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం బయటికి పోదు.

వాస్తవం: ఫోమ్ గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. శబ్దం బయటికి పోవడాన్ని ఆపదు, అడుగు దెబ్బతో దానికి సంబంధమే లేదు. గుడ్ల అట్టలు ఆ ప్రతిధ్వనిని కూడా సరిగ్గా తగ్గించవు, నిప్పు తగిలితే మాత్రం వెంటనే అంటుకుంటాయి. వద్దు.

అపోహ: ఫోన్ యాప్‌లో 40 డెసిబెల్స్ కూడా చూపించడం లేదు. కింది వాళ్లు ఎక్కువ చేస్తున్నారు.

వాస్తవం: ఈ మాట వినగానే నాకు బాధేస్తుంది, ఎందుకంటే దీనివల్ల నిజంగా ఇబ్బంది పడుతున్నవాళ్లు అబద్ధాలకోరులవుతున్నారు. యాప్ చూపించేది సాధారణంగా ఏ-వెయిటింగ్ అనే లెక్క ప్రకారం. తక్కువ స్థాయి శబ్దాల్లో బేస్ మన చెవికి తక్కువగా వినిపిస్తుందన్న ఆధారంతో అది 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్, 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్స్ తీసేస్తుంది. గెంతు మోత ఉండేది సరిగ్గా అక్కడే. పైగా ఫోన్ మైక్ మాట కోసం చేసింది, అంత కింది స్వరాలను సరిగ్గా పట్టదు. కింద పడుకున్న మనిషికి గుండెల్లో తగిలినట్టున్నది స్క్రీన్ మీద కనిపించకపోవడంలో వింతేమీ లేదు.

బిల్డింగ్ కోడ్‌లలోనూ ఇదే లోపం. అమెరికాలో ఎక్కువ చోట్ల పాటించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ రెండు ఇళ్ల మధ్య ఫ్లోర్‌కు ఐఐసీ (అడుగు దెబ్బల శబ్దాన్ని ఫ్లోర్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె, ఎక్కువుంటే మంచిది) 50 ఉండాలంటుంది, కట్టాక అక్కడికక్కడ కొలిస్తే 45 చాలు. ఆ పరీక్షకు వాడే యంత్రంలో అరకిలో సుత్తులు 5 ఉంటాయి, 4 సెంటీమీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 10 దెబ్బలు వేస్తాయి. లెక్కలోకి వచ్చేది 100 హెర్ట్జ్ నుంచి పైనే. కార్పెట్ పరిస్తే ఐఐసీ బాగా పెరుగుతుంది, గెంతు మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే 'అంతా కోడ్ ప్రకారమే ఉంది' అన్న లీజింగ్ ఆఫీసు మాట, 'నిద్ర పట్టడం లేదు' అన్న కింది ఇంటావిడ మాట రెండూ నిజం కావచ్చు.

ఈ విషయంలో జపాన్, కొరియా ముందున్నాయి. అక్కడ పిల్లల గెంతును పోలిన పరీక్ష విడిగా ఉంది. రెండున్నర కిలోల రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుంచి వదిలి కింద కొలుస్తారు. కొరియాలో 2022 ఆగస్టు నుంచి కొత్త అపార్ట్‌మెంట్లలో కట్టడం పూర్తయ్యాక కూడా కొలవాలి, తేలికపాటి దెబ్బకైనా బరువైన దెబ్బకైనా 49 డెసిబెల్స్ దాటకూడదు. మన బిల్డర్ల బ్రోచర్లలో క్లబ్‌హౌస్ ఫొటోల పక్కన ఇలాంటి అంకె ఒక్కటైనా కనిపించే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అపోహ: గట్టిగా తొక్కితేనే స్కోర్ వస్తుంది.

వాస్తవం: రూపాయి ఖర్చు లేకుండా ఎక్కువ లాభం వచ్చేది ఈ అలవాటు మార్చుకుంటేనే. 2009లో మొదలైన జస్ట్ డ్యాన్స్‌లో రిమోట్‌తోనో ఫోన్‌తోనో ఆడితే గేమ్ చూసేది చేతి కదలికనే. కాళ్లు గెంతాయో లేదో దానికి తెలియదు. తెర మీది మనిషి ఎగిరినప్పుడు మీరు మోకాళ్లు వంచి లేస్తే చాలు, చేయి సరిగ్గా తిరిగితే స్కోర్ వస్తుంది.

1998లో జపాన్ ఆర్కేడ్లలో వచ్చిన డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్ లాంటివి వేరు, అక్కడ పాదంతో బాణం గుర్తు నొక్కాల్సిందే. కానీ సెన్సర్‌కు కావాల్సింది తాకిడి, బలం కాదు. కొత్తవాళ్లు ప్రతి బాణం నొక్కాక పాదాన్ని మళ్లీ మధ్యలోకి తెస్తారు. అవసరం లేదు. నొక్కిన చోటే పాదం ఉంచి, తర్వాతి బాణం రెండో కాలితో అందుకుంటే అడుగులు దాదాపు సగానికి తగ్గుతాయి. బాగా ఆడేవాళ్లను గమనించండి, మడమ పెద్దగా వాడరు, ముందుపాదంతో తేలిగ్గా తాకుతారు. ఇలాంటి ఆటనే కంప్యూటర్‌లో ఆడించే స్టెప్‌మేనియా ప్రోగ్రామ్‌లో రెండు బాణాలు ఒకేసారి నొక్కే జంప్‌లను తీసేసే సెట్టింగ్ ఉంది. పిల్లలకు అది పెట్టి ఇవ్వండి.

ఎక్కడ ఆడుతున్నారన్నదీ ముఖ్యమే. స్లాబ్ మధ్యలో ఊపు ఎక్కువ, బీమ్‌ల దగ్గర, పిల్లర్ల పక్కన తక్కువ. మన ఫ్లాట్లు ఒకే ప్లాన్‌లో ఒకదానిపై ఒకటి ఉంటాయి కాబట్టి మీ బెడ్‌రూమ్ కింద వాళ్ల బెడ్‌రూమే ఉంటుంది. ఆట హాల్లోనే, అదీ బీమ్ ఉన్న వైపు పెట్టుకోండి.

అపోహ: కింది వాళ్లు ఫాల్స్ సీలింగ్ వేయించుకుంటే సరి.

వాస్తవం: స్లాబ్‌కు గట్టి రాడ్లతో బిగించిన మామూలు జిప్సమ్ సీలింగ్ ఆ రాడ్ల గుండానే కంపిస్తుంది. రబ్బర్ లేదా స్ప్రింగ్ హ్యాంగర్లు, రెండు పొరల బోర్డు, మధ్యలో రాక్‌వూల్ వేస్తే ఫలితం ఉంటుంది. అప్పుడు కూడా గోడల గుండా దిగేది దిగుతుంది. ఖర్చు పై ఇంట్లో చేసే పలకకు ఎన్నో రెట్లు.

అపోహ: రాత్రి పది లోపు ఎంత చేసినా ఎవరూ అడగకూడదు.

వాస్తవం: 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ అని పెట్టాయి. అవి ఆ ప్రాంతపు పరిసర శబ్దానికి సంబంధించినవి, పై అంతస్తు అడుగుల కోసం రాసినవి కావు. కింద నైట్ షిఫ్ట్ చేసి మధ్యాహ్నం పడుకునే మనిషి ఉండొచ్చు, పసిబిడ్డ ఉండొచ్చు. ఎవరున్నారో తెలియాలంటే దిగి వెళ్లి అడగాలి.

వెళ్లినప్పుడు ఒక పరీక్ష కూడా చేసుకోండి. మీలో ఒకరు వాళ్ల హాల్లో ఆ ఇంటావిడ పక్కన కూర్చుని ఫోన్‌లో లైన్‌లో ఉండండి. పైన పిల్లలు ఒకే పాటను మూడు చోట్ల ఆడాలి: స్లాబ్ మధ్యలో, బీమ్ దగ్గర, పలక మీద. ఏది భరించగలిగేలా ఉందో ఆవిడనే చెప్పమనండి, ఏ టైమ్ కుదురుతుందో కూడా అప్పుడే అడగండి. ఆవిడ చెప్పిన చోట నేల మీద టేప్ అంటించి, పిల్లలు అక్కడే ఆడేలా చూడండి.