పాత బండి, గుల్ల సైలెన్సర్

పట్టుకున్న సైలెన్సర్లను బీచ్ రోడ్డు మీద వరసగా పరిచి, పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించడం విశాఖ జనం చూసిందే. రోలర్ కింద అన్నీ ఒక్కలాగే చదునైపోతాయి. బండి తెలిసినవాళ్లు మాత్రం సైలెన్సర్‌ని ముందుగా తోక వైపు నుంచి చూస్తారు, లోపల బ్యాఫిల్ (మోత తగ్గించే చిల్లుల గొట్టం) ఉందా, గుల్లా అని. పాత బండ్ల మోత గురించి జరుగుతున్న గొడవంతా ఆ లోపలి గొట్టం దగ్గరే మొదలైంది.

మైసూరులో ఐడియల్ జావా 1961లో బండ్లు తయారు చేయడం మొదలుపెట్టింది. జావా పేరు తర్వాత యెజ్డీ అయింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా 1985లో వచ్చి 1996లోనే ఆగిపోయింది. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 అంతకంటే ముందే పోయింది. బండ్లు మిగిలాయి గానీ దుకాణాల్లో కంపెనీ సైలెన్సర్లు మిగల్లేదు. ఆ ఖాళీని డూప్లికేట్ సరుకు నింపింది. పైన ఆకారం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. లోపల మాత్రం నాలుగు చిల్లుల గొట్టం ఒకటి, అదీ కొన్నిట్లో ఉండదు. కాబట్టి మోత బండి నడిపే ప్రతివాడూ మోత కోసమే కొన్నాడనుకోలేం. దొరికింది బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. 2018లో జావా పేరు మళ్లీ వచ్చింది కదా అంటే, అది 293 సీసీ ఫోర్ స్ట్రోక్. ఒకే సిలిండర్‌కి రెండు సైలెన్సర్లన్న పాత సంప్రదాయాన్ని నిలబెట్టారు గానీ దాని పైపు పాత బండికి పనికిరాదు.

ఈ పాత జావా, యెజ్డీ, ఆర్‌ఎక్స్, రాజ్‌దూత్‌లన్నీ టూ స్ట్రోక్ బండ్లు. టూ స్ట్రోక్‌లో గుల్ల సైలెన్సర్ మోతతో పాటు నష్టం కూడా తెస్తుంది. ఈ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ వాల్వ్ ఉండదు. పొగ బయటికి పోయే రంధ్రం, అంటే పోర్టు, తెరిచి ఉన్నంతసేపూ కొత్త పెట్రోలు మిశ్రమం కూడా పొగతో పాటు బయటికి జారుతుంది. దాన్ని వెనక్కి నెట్టేది సైలెన్సర్‌లోంచి తిరిగొచ్చే పీడన తరంగమే. 1950లలో తూర్పు జర్మనీ ఎమ్‌జెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ ఈ లెక్కను రేసు బండ్ల మీద సాధించాడు. ఆ కంపెనీ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో దేశం దాటి, ఆ లెక్కను వెంట తీసుకుని సుజుకీలో చేరాడు. మరుసటి ఏడాదే 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకీది, డెగ్నర్‌ది. ఆ లెక్క ప్రకారం పైపు మొదట వెడల్పవుతూ పోయి, మధ్యలో పొట్టలా ఉబ్బి, మళ్లీ సన్నబడి, చివర చిన్న గొట్టంతో ముగుస్తుంది. ఆర్‌ఎక్స్ సైలెన్సర్ పైకి సాదాగా కనిపించినా లోపల ఈ కొలతలే ఉంటాయి. తోక గొట్టం మరీ వెడల్పైతే తరంగం బలం తగ్గి కింది ఆర్‌పీఎంలో పికప్ చచ్చిపోతుంది. మరీ సన్నమైతే వేడి బయటికి పోక పిస్టన్ తల కరిగి చిల్లు పడుతుంది. బ్యాఫిల్ పీకేసి ‘బండి ఎగురుతోంది’ అనేవాళ్లు చాలాసార్లు పెరిగిన శబ్దాన్నే పెరిగిన వేగమనుకుంటారు.

బుల్లెట్ సంగతి వేరు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి కొంత స్వేచ్ఛ ఉంది. షార్ట్ బాటిల్, లాంగ్ బాటిల్, గోల్డ్‌స్టార్ అని దుకాణంలో అడిగే సైలెన్సర్లలో మూడోదానికి ఇంగ్లండ్ చరిత్ర ఉంది. బీఎస్‌ఏ గోల్డ్‌స్టార్ బండికి ఆ పేరు 1937లో బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్ మీద గంటకు 100 మైళ్లు దాటినందుకు ఇచ్చిన బంగారు నక్షత్రం బ్యాడ్జి నుంచి వచ్చింది. థ్రాటిల్ వదలగానే పిట్ట కిచకిచలాంటి చప్పుడు చేసే దాని సైలెన్సర్ ఆకారమే మన బుల్లెట్‌కి ఎక్కింది. ఆకారం ఎక్కింది, లోపలి అమరిక అన్నిటికీ ఎక్కలేదు.

చట్టం ఇక్కడ మెల్లగా బిగుసుకుంటూ వచ్చింది. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని కింద వచ్చిన కేంద్ర నియమాల్లో 120వది ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలంటుంది. 2000లో 52వ సెక్షన్‌ను సవరించి, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదన్నారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 190(2) కింద శబ్ద, వాయు కాలుష్యానికి మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా 3 నెలలు లైసెన్సుపై వేటు వచ్చాయి. ఆర్‌సీలో సైలెన్సర్ ఊసే ఉండదు కాబట్టి 52 మాకు తగలదని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన ఎటు తేలినా 190(2) నుంచి తప్పించదు. 2005 ఏప్రిల్ నుంచి తయారీ దశలో పరిమితి 80 నుంచి 175 సీసీ బండికి 77 డెసిబెల్స్, ఆపైన 80. పాత బండికి ఈ అంకెలు నేరుగా వర్తించకపోయినా, కొనేటప్పుడు గురిగా పెట్టుకోవచ్చు. ఇక ‘వింటేజ్’ అనే మాట. 2021 నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా. 1978లో వచ్చిన యెజ్డీ రోడ్‌కింగ్ ఏదీ 2028కి ముందు దాన్ని అందుకోలేదు. అసలు రూపం మారకూడదు కాబట్టి హోదా కావాలనుకునేవాళ్లు గోల్డ్‌స్టార్ సైలెన్సర్ జోలికి పోకపోవడమే మంచిది.

ఎంపికలో విశాఖకు ప్రత్యేకమైన చిక్కు ఉప్పుగాలి. అయితే సైలెన్సర్‌ను ముందుగా తినేది లోపలి తడి. జగదాంబ నుంచి సిరిపురం దాకా రెండు కిలోమీటర్లు నడిపి ఆపితే, పొగలోని నీటి ఆవిరి ఆమ్లంతో కలిసి అడుగున చేరుతుంది. బయట నుంచి ఉప్పు, లోపల నుంచి ఆమ్లం. అందుకే అడుగున 3 మిల్లీమీటర్ల చిల్లు ఉన్నది కొనాలి, దాన్ని మసితో మూసుకుపోనివ్వకూడదు. క్రోమ్ కింద నికెల్ పొర లేకపోతే ఒక్క వానాకాలానికే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. స్టెయిన్‌లెస్ అని చెబితే అయస్కాంతం పెట్టి చూడండి. 304 రకానికి అది దాదాపు అంటుకోదు, 409కి అంటుకుంటుంది. 304 మీద కూడా సముద్రం పక్కన టీ మరకల్లాంటివి వస్తాయి, తుడిస్తే పోతాయి. రేకు మందం 1.2 మిల్లీమీటర్లకు తగ్గితే వేలితో కొట్టినప్పుడు డబ్బాలా మోగుతుంది. చివరగా టార్చి వేసి తోకలోంచి చూడాలి. అవతలి వెలుతురు నేరుగా కనిపిస్తే అది గుల్లే. బ్యాఫిల్ బోల్టు విప్పి తీయగలిగేదైతే ఇంకా మంచిది.

బిగించే పని ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మొదలవ్వాలి. ముందు రోజు రాత్రే సిలిండర్ దగ్గర నట్లకు తుప్పు వదిలించే నూనె పట్టించాలి. నట్టు ఎక్కే మర కడ్డీని, అంటే ముప్పై ఏళ్ల స్టడ్డును, బలం పెట్టి తిప్పితే విరిగి లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత పని లేతు షాపుకు చేరుతుంది. కదలకపోతే అర చుట్టు బిగించి, అర చుట్టు వదిలి, మళ్లీ నూనె వేస్తూ తీయాలి. పాత జావా, యెజ్డీ 250ల పైపులను పట్టుకునేది రింగ్ నట్టు. దానికి హుక్ స్పానర్ వాడాలి గానీ సుత్తి, ఉలి పెట్టి కొట్టకూడదు. రెక్కలు విరుగుతాయి, మర చెడుతుంది. జాయింటులో పొగ కారకుండా పెట్టే గాస్కెట్ ప్రతిసారీ కొత్తదే వేయాలి. పాతది తీసినట్టే అనిపించి పోర్టులో ఒక పొర అతుక్కుని ఉంటుంది, దాని మీద కొత్తది వేస్తే వాలి కూర్చుంటుంది.

తర్వాత అన్ని బోల్టులూ చేత్తో మాత్రమే తిప్పి, పైపు తనంత తాను కుదురుకునేలా చూడాలి. వెనక బ్రాకెట్ చిల్లు 5 మిల్లీమీటర్లు తప్పితే చాలామంది బోల్టుతో లాగి కలిపేస్తారు. ఆ లాగుడు ఒత్తిడంతా వెల్డింగు మీద పడుతుంది, నెల తిరిగేసరికి బ్రాకెట్ మొదట్లో చీలుతుంది. చిల్లును కోలగా అరగదీయడమో, వాషర్లు పెట్టడమో చేయాలి. వెనక రబ్బరు బుష్ లేకుండా బిగించకూడదు. బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కి, సెంటర్ స్టాండు వేసి తీసి, ఎక్కడా తగలడం లేదని చూశాకే మొదట సిలిండర్ వైపు, ఆపైన నడుమ క్లాంపు, చివర వెనక బోల్టు. 8 మిల్లీమీటర్ల నట్టుకు సుమారు 20 న్యూటన్ మీటర్లు చాలు. ఒకసారి వేడెక్కించి, పూర్తిగా చల్లార్చి, మళ్లీ బిగించాలి. కొత్త గాస్కెట్ మొదటి వేడికి అణుగుతుంది. జాయింటు చుట్టూ నల్లటి మసి గీత కనిపించినా, థ్రాటిల్ వదిలినప్పుడు టపటపమన్నా అక్కడ గాలి పీలుస్తోందని అర్థం. రాజ్‌దూత్ 350కి రెండు సైలెన్సర్లూ ఒకే రకమై ఉండాలి. ఒకటి మసి పట్టినది, ఇంకొకటి కొత్తది అయితే రెండు కార్బొరేటర్లు ఎంత కలిపినా కలవవు.

పొగ దారి తెరిస్తే పెట్రోలు లెక్కా మారాలి. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం జెట్. దాన్ని మార్చకుండా నడిపితే పెట్రోలు తక్కువై మిశ్రమం పలచబడుతుంది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు, సరిగ్గా భారం ఎక్కువైన చోట, పిస్టన్ పట్టేస్తుంది. మెయిన్ జెట్‌ను 5 నుంచి 10 శాతం పెద్దదానితో మొదలుపెట్టి కిందికి దిగాలి, చిన్నదానితో మొదలెట్టి పైకి పోకూడదు. కొత్త ప్లగ్గు వేసి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో థ్రాటిల్ మొత్తం తెరిచి, క్లచ్ పట్టి, ఆ వేగంలోనే ఇగ్నిషన్ ఆపేయాలి. ప్లగ్గు విప్పి చూస్తే పింగాణీ మొదట్లో లేత గోధుమ రంగు చుట్టు కనిపిస్తే సరే. తెల్లగా ఉంటే మిశ్రమం ఇంకా పలచగా ఉన్నట్టే, ఇంటికి మెల్లగా రావాలి.

తీసిన కంపెనీ సైలెన్సర్‌ను పాత ఇనుము కింద అమ్మకండి. చాలావాటికి ఉన్న జబ్బు మసే. బ్యాఫిల్ తీసి, లీటరు చన్నీళ్లలో 100 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేసి (సోడా మీద నీళ్లు పోయకూడదు, చేతులకు గ్లవ్స్ ఉండాలి, అల్యూమినియం భాగమేదీ అందులో పడకూడదు) రాత్రంతా నానబెట్టి కడిగితే చిల్లులు తెరుచుకుంటాయి. రేకు తుప్పు పట్టి పోయినా లోపలి కొలతలు అందులోనే ఉన్నాయి. కుట్టు వెంట కోసి తెరిచి, అదే బ్యాఫిల్‌ను కొత్త రేకులో పెట్టి వెల్డింగు చేయించుకోవచ్చు. అప్పుడు పాత జెట్‌నూ తిరిగి వేయడం మరిచిపోకూడదు.