తేరు తిరిగే వీధుల్లో బజారు

తిరుపతి పాత బజారును బాగుచేయాలన్న మాట ఎప్పుడొచ్చినా ముందు రోడ్డు వెడల్పు దగ్గరే చర్చ మొదలవుతుంది. ఆ వీధులు ఎందుకంత ఇరుకో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1130లో రామానుజాచార్యులు గోవిందరాజస్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారు. ఆ ఫిబ్రవరి 24నే ఇప్పుడు ఊరి పుట్టినరోజుగా జరుపుకుంటున్నాం. గుడి చుట్టూ ఇళ్లు వచ్చాయి, ఇళ్లను అంటుకుని అంగళ్లు వచ్చాయి. బ్రహ్మోత్సవాల్లో స్వామి తేరు ఇప్పటికీ కర్నాల వీధి, బేరి వీధి, గాంధీ రోడ్డు మీదుగానే తిరుగుతుంది. కాలినడకన వచ్చే జనానికి, ఏడాదికోసారి కదిలే తేరుకు సరిపోయిన వీధులివి.

1886లో మునిసిపాలిటీ అయింది, 1891లో రైలొచ్చింది. అప్పటికీ కొండెక్కాలంటే కాళ్లే దిక్కు. 1944లో ఘాట్ రోడ్డు పడ్డాక కథ మారింది. 1974లో రెండో ఘాట్ కూడా వచ్చేసరికి భక్తుడు నేరుగా బస్సెక్కి పైకి పోవడం అలవాటైంది. ఆ తర్వాత ఊరికి వేసిన ప్లాన్లలో కొండకు దారే ముందుంటూ వచ్చింది, బజారు వెనకబడింది. 1981లో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ), 2007లో కార్పొరేషన్, 2016లో స్మార్ట్ సిటీ జాబితా. 2023లో ప్రారంభమైన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ దాదాపు 7 కిలోమీటర్లు. కొండకు పోయే బండ్లకు అది నిజంగా మేలే. కానీ గాంధీ రోడ్డులో ఇత్తడి సామాన్లు, పసుపు కుంకుమలు కొనేవాళ్లకు నడవడానికి ఫుట్‌పాత్ ఇవ్వడం ఫ్లైఓవర్ వల్ల అయ్యే పని కాదు.

ఇక వెడల్పు విషయం. స్థలం పోయిన యజమానికి డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తారు. ఆ బాండుతో వేరేచోట అదనపు అంతస్తు కట్టుకోవచ్చు, లేదా దాన్ని అమ్ముకోవచ్చు. తిరుపతిలో వీటి జారీ మీద వచ్చిన ఆరోపణలు పెద్ద దుమారమే రేపాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం మరొకటి. అంగడి బాడుగకు తీసుకుని ఇరవై, ముప్పై ఏళ్లుగా నడుపుతున్న మనిషికి ఆ బాండులో భాగం లేదు. గోడ సగం కొట్టేస్తే ఆయనకు మిగిలేది అడ్వాన్సు కోసం యజమాని చుట్టూ తిరగడమే. వీధి వ్యాపారుల పరిస్థితి చట్టం దృష్టిలో ఇంతకన్నా కాస్త నయం. సర్వే పూర్తిచేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా వాళ్లను తొలగించకూడదని 2014 చట్టం చెబుతోంది. బాడుగ అంగళ్లవాళ్లకు అలాంటి కాగితం ఒక్కటీ లేదు. గోడల మీద మార్కింగ్ వేసేముందు ఏ అంగట్లో ఎవరు, ఎన్నేళ్లుగా ఉన్నారో రాసుకోవాలి. కార్పొరేషన్ ఆ పనితోనే మొదలుపెట్టాలి.